చప్పుడు లేని డ్రైవ్‌తో అయిదేళ్లు

2020లో హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లోనే ఫైళ్లను దాచే డ్రైవ్, వేయించిన మా ఇంటి డెస్క్‌టాప్ 2014 నాటిది. దానిమీద నేను చేసే పని పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్‌లో పెళ్లి పత్రికలు, దేవాలయ సంచికలు, అప్పుడప్పుడు ఒక కవితా సంపుటి కూర్చడం. ‘అను’ అనే తెలుగు ఫాంట్లు, చేతికి అలవాటైన కీబోర్డు, పదేళ్ల పాత ఫైళ్లు అన్నీ ఆ యంత్రంలో కుదురుకొని ఉన్నందున, అది ఎంత నెమ్మదించినా కొత్తది కొనే ఆలోచనను వాయిదా వేస్తూ వచ్చాను. 2020లో మనవరాలి ఆన్‌లైన్ తరగతులు కూడా దానిమీదనే పడేసరికి ఇక వాయిదా కుదరలేదు. తరగతికి ముందు మీట నొక్కి, వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుకొని వచ్చినా, తెరమీద బొమ్మలు ఇంకా ఒక్కొక్కటిగా తేలుతూనే ఉండేవి.

ముందుగా ఖర్చు లేని మార్గాలన్నీ చూశాను. కంప్యూటర్‌తో పాటు మొదలయ్యే ప్రోగ్రాములను ఆపాను, టెంప్ ఫైళ్లు చెరిపాను. చెత్త ఊడ్చడానికని దించుకున్న ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే తానే రోజూ అందరికంటే ముందు లేచి కూర్చునేది. తరువాత 4 జీబీ ర్యామ్‌కు మరో 4 జీబీ కలిపాను; బ్రౌజర్ కొంత తేలికపడింది గాని కంప్యూటర్ లేవడానికి పట్టే సమయం తగ్గలేదు. ఏ భాగం ఎంత పని చేస్తున్నదో చూపే టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ పది శాతం దగ్గర తీరికగా ఉంటే, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర నిలిచిపోయి ఉండేది. జబ్బు ఎక్కడుందో ఆ గడి మొదటినుంచీ చెబుతూనే ఉన్నా, ర్యామ్ కొన్న తరువాతే నేను దానిని పట్టించుకున్నాను.

ఆ అక్టోబరులో మూడు వేల రూపాయల లోపు పెట్టి సాటా కేబుల్‌తో బోర్డుకు తగిలే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొని, పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టుగా దానిలోకి క్లోన్ చేయించాను. కంప్యూటర్ లేవడానికి నాలుగు నిమిషాలు పట్టేది ఇరవై సెకన్లకు వచ్చింది. పాత హార్డ్ డిస్క్‌లో నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లానికి ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. చదివే ముల్లు చోటు మారడానికి ఇంచుమించు అంత సమయం మళ్లీ కావాలి. అందుచేత చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు వందకు మించి అందించడం కష్టం, విండోస్ లేచేటప్పుడు అడిగేవేమో అటువంటివి వేలల్లో ఉంటాయి. తిరిగే పళ్లెమే లేని ఎస్‌ఎస్‌డీకి ఆ వెతుకులాట లేదు.

వేగం సంగతి అందరూ చెప్పేదే. నేను మురిసిపోయింది దాని మౌనానికి. రాత్రి పదకొండు దాటాక హాలులో కూర్చుని పని చేసుకుంటే, పాత డిస్క్ గరగరకు లోపలి గదిలో నిద్ర చెడేది. కొత్తది వచ్చాక ఫ్యాన్ సన్నని హోరు తప్ప మరేమీ వినబడలేదు. అడిగిన ప్రతివారికీ ఆ రోజుల్లో ఈ మాటే మొదట చెప్పేవాణ్ణి, ఇద్దరు మిత్రుల చేత కొనిపించాను కూడా.

2024 జూలైలో ఒక ఉదయం మీట నొక్కితే, లేవడానికి తగిన డ్రైవ్ ఏదీ లేదని నల్లని తెరమీద ఒక వాక్యం కనిపించింది. ముందురోజు రాత్రి వరకు ఏ తేడా లేదు. విండోస్ కంటే ముందే లేచి డ్రైవ్‌లను గుర్తించే బయోస్‌లోకి వెళ్లి చూస్తే ఆ డ్రైవ్ పేరే లేదు. పదేళ్ల యంత్రం కనుక బోర్డు మీది బిళ్ల బ్యాటరీని అనుమానించి మార్చాను. సాటా కేబుల్ మార్చాను. వేరే సాకెట్టులో పెట్టాను. సాయంత్రం వచ్చిన మెకానిక్ దానిని తన యూఎస్‌బీ పెట్టెలో పెట్టి రెండు కంప్యూటర్లకు తగిలించి చూసి, “హార్డ్ డిస్క్ అయితే పోయే ముందు టకటకమంటుంది సార్, కాపీ తీసుకోమని మనకు చెప్పినట్టు. ఇది చెప్పదు” అన్నాడు.

అంతకు నెల ముందే నేను దాని ఆరోగ్యాన్ని చూపే సాఫ్ట్‌వేర్‌లో 90 శాతానికి పైగా చూసి నిశ్చింతగా ఉన్నాను. ఆ అంకె మెమరీ గళ్లు ఎంత అరిగాయో చెప్పే లెక్క మాత్రమేనని, ఏ ఫైలు ఏ గడిలో ఉందో గుర్తుంచుకొనే కంట్రోలర్ చిప్పు పోతే గళ్లన్నీ బాగున్నా ఒక్క అక్షరం కూడా బయటికి రాదని అప్పుడు తెలిసింది. నా తప్పూ లేకపోలేదు. యూపీఎస్ బ్యాటరీ చచ్చి నెలలు గడిచినా మార్చలేదు. ఆ వానాకాలంలో కరెంటు పోయిన ప్రతిసారీ యంత్రం ఉన్నపళంగా ఆగిపోయేది, రాస్తుండగా అలా ఆగడం ఎస్‌ఎస్‌డీకి మంచిది కాదు. మూడేళ్ల వారంటీ అంతకు తొమ్మిది నెలల ముందే ముగిసింది. అది ఉన్నా కొత్త డ్రైవ్ వచ్చేదే తప్ప ఫైళ్లు వచ్చేవి కావు. వాటిని రాబట్టే చోట చెప్పిన ధర ఆ డ్రైవ్ ధరకు ఎన్నో రెట్లు.

పోయినవాటిలో ఒక దేవాలయ సంచిక ఉంది, 64 పేజీలు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న నకలు పది రోజుల కిందటిది. ఎర్ర సిరాతో దిద్దిన ప్రూఫు కాగితాలను చెత్తబుట్టలో వేయకుండా అటక మీద పెట్టే పాత అలవాటు ఆ రోజు ఆదుకొన్నది. మా ఆవిడ దిద్దుబాట్లు చదువుతూ ఉంటే రెండు రాత్రులు కూర్చుని మళ్లీ కూర్చాను.

ఆ రెండు రాత్రులూ పని చేసింది ఏ డిస్క్ మీదనంటారా? క్లోన్ చేసిన రోజున చెరపకుండా బీరువాలో కవరులో దాచిన పాత హార్డ్ డిస్క్ మీదనే. తగిలించగానే గరగరమంటూ, నాలుగు నిమిషాలు తీసుకొని, 2020 నాటి తెరను ఉన్నదున్నట్టుగా తెచ్చి నిలబెట్టింది. పేజ్‌మేకర్, ఫాంట్లు అన్నీ చెక్కుచెదరలేదు. అయితే దానితో వారం కూడా వేగలేకపోయానని ఒప్పుకోవాలి. నాలుగేళ్ల అప్‌డేట్లను మింగుతూ డిస్క్ మళ్లీ 100 శాతం దగ్గరే కూర్చుంది. పేజీ తిప్పితే ఆగి చూడవలసి వచ్చేది. మళ్లీ ఎస్‌ఎస్‌డీయే కొన్నాను, ఈసారి మరో కంపెనీది, దానితో పాటు యూపీఎస్‌కు బ్యాటరీ కూడా.

కాబట్టి పాత కంప్యూటర్‌కు ర్యామ్ కంటే ముందు ఇదే వేయించండని ఇప్పటికీ అంటాను, అయితే పని ఫైళ్లకు మరోచోట నకలు ఉండేవారికి మాత్రమే. నా విషయంలో పేజ్‌మేకర్ అనే బంధం ఉంది. అది లేనివారు ఇంత పాత యంత్రం మీద మళ్లీ డబ్బు పెట్టే ముందు ఆలోచించుకోవాలి. ఇందులో ఉన్నది నాలుగో తరం ఐ3 ప్రాసెసర్ కనుక విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. బ్యాంకు పనులు దీనిమీద మానేశాను.

పాత హార్డ్ డిస్క్ ఇప్పుడు విడిగా కరెంటు తీసుకొనే ఒక యూఎస్‌బీ పెట్టెలో ఉంది. రాత్రి పని ముగియగానే ఆనాటి ఫైళ్లను దానిలోకి పంపుతాను. ఆ పది నిమిషాలూ గరగర వినిపిస్తుంది, లోపలి గది తలుపు దగ్గరగా వేసి వస్తాను. కొత్త ఎస్‌ఎస్‌డీ వారంటీ ముగిసే తేదీని కేబినెట్ పక్కన స్కెచ్ పెన్నుతో రాసిపెట్టాను: 2027 జూలై.