అష్టాచమ్మాని ఆన్‌లైన్‌లో ఆడించాలంటే: నెట్స్‌బ్లాక్సా, స్క్రాచ్ క్లౌడా?

బ్లాకులు అతికించి ఆటలు చేసే ఉచిత కోడింగ్ సైట్ స్క్రాచ్ కాస్త చేతికొచ్చిన పిల్లలు త్వరలోనే ఒక మాట అడుగుతారు: "ఇది నేను మా ఇంట్లో, వాడు వాళ్ళింట్లో కూర్చుని ఆడుకోవచ్చా?" కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో వేసవి కోడింగ్ క్లాసుకి వెళ్ళేవాళ్ళైనా, బడి ల్యాబ్‌లో వారానికి రెండు పీరియడ్లు దొరికేవాళ్ళైనా చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రూపాయి ఖర్చు లేకుండా, బ్లాకులు అతికించే పద్ధతి వదలకుండా ఈ పని చేసుకోవడానికి రెండు మంచి దారులున్నాయి. ఒకటి స్క్రాచ్‌లోనే ఉన్న క్లౌడ్ వేరియబుల్స్, అంటే అందరికీ కనిపించేలా సర్వర్ మీద విలువ దాచుకునే డబ్బాలు. రెండోది అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో తయారైన నెట్స్‌బ్లాక్స్. ఈ సమీక్ష ముఖ్యంగా నెట్స్‌బ్లాక్స్ మీదే. కానీ స్క్రాచ్ ఎక్కడ చేతులెత్తేస్తుందో చూస్తే తప్ప దాని విలువ అర్థం కాదు.

రెండింటికీ ఒకే పరీక్ష పెడదాం: అష్టాచమ్మా. అయిదు వరసలు, అయిదు నిలువులు, నాలుగు గవ్వలు, ఆటగాడికి నాలుగు కాయలు. బయటి వరసలో 16 గడులు, లోపలి వరసలో 8, నడుమ పండే గడి ఒకటి, మొత్తం 25. వంతుల ఆట కాబట్టి నెట్ నెమ్మదించినా చెడదు. పైగా ఆట ప్రతి ఇంట్లో తెలిసిందే, లెక్క తప్పితే పక్కన కూర్చున్న అమ్మమ్మే పట్టేస్తుంది.

ముందు స్క్రాచ్ సంగతి. 2013లో స్క్రాచ్ 2.0తో క్లౌడ్ వేరియబుల్ అందరికీ వచ్చింది. వేరియబుల్ చేసేటప్పుడు క్లౌడ్ గడిలో టిక్ పెడితే దాని విలువ సర్వర్ మీద ఉంటుంది, ఆ ప్రాజెక్టు తెరిచిన అందరికీ కనిపిస్తుంది. షరతులు మాత్రం గట్టివి. ఒక ప్రాజెక్టుకి పది క్లౌడ్ వేరియబుల్సే. ఒక్కోదాంట్లో 256 అంకెలే, అక్షరాలు కుదరవు, లిస్టులు లేవు. కొత్తగా అకౌంటు తెరిచినవాళ్ళకి ఇది కనబడదు. కొన్నాళ్ళు వాడి 'స్క్రాచర్' హోదా వచ్చాకే. లాగిన్ అయి సైట్‌లో ఆడాలి, డౌన్‌లోడ్ చేసుకున్న ఆఫ్‌లైన్ యాప్‌లో పనిచేయదు. దీంతో చాట్ రూములు కట్టడానికి స్క్రాచ్ నిబంధనలు ఒప్పుకోవు, పిల్లల సైట్‌కి అది సబబే.

ఇన్ని షరతుల్లోనూ అష్టాచమ్మా పడుతుంది, ఒక్క వేరియబుల్‌లోనే. మొదటి మూడంకెలు ఎత్తుల లెక్క, 100 నుంచి మొదలు. నాలుగో అంకె ఎవరి వంతు, అయిదోది పడిన పందెం. ఆరో అంకె నుంచి పదహారు కాయలు, కాయకి రెండంకెలు. ఆటగాడి సొంత ఇంటి నుంచి లెక్కపెడితే కాయ ఉన్న గడి 0 నుంచి 24 దాకా కదా, దానికి 10 కలిపి 10 నుంచి 34గా రాస్తే ప్రతి కాయకీ కచ్చితంగా రెండంకెలే వస్తాయి. మొత్తం 37 అంకెలు. చదివేటప్పుడు ఎన్నో కాయైతే ఆ సంఖ్యని రెండు రెట్లు చేసి నాలుగు కలిపితే మొదటి అంకె చోటు, దాని పక్కదే రెండోది.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. ఈ 37 అంకెలని 'జాయిన్' బ్లాకుతో అతికించాలి, 'లెటర్ ఆఫ్' బ్లాకుతో విడదీయాలి. మధ్యలో ఎక్కడైనా దానికి సున్నా కలిపినా, 'చేంజ్ బై' బ్లాకు తగిలించినా అది లెక్కల సంఖ్యగా మారిపోతుంది. పదిహేను పదహారు అంకెలు దాటితే కంప్యూటర్ లెక్క నికరంగా ఉండదు. 21 అంకెలు దాటాక రాసే తీరే మారిపోయి రెండో అక్షరం స్థానంలో చుక్క వచ్చి కూర్చుంటుంది. అప్పుడు కాయలన్నీ ఒక్కసారిగా ఎటో ఎగిరిపోతాయి. పిల్లలు నెట్ పోయిందనుకుంటారు. నెట్‌కి దీంతో సంబంధమే లేదు.

పేర్లు పంపాలనుకుంటే తెలుగువాళ్ళకి ఇంకో చిక్కు. అక్షరాన్ని అంకెలుగా మార్చే పట్టిక ఇంగ్లీషుకి రెండంకెల్లో ముగుస్తుంది. తెలుగుకి యూనికోడ్‌లో (కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే పట్టిక) కేటాయించినవి 128 స్థానాలు, అంటే మూడంకెలు కావాలి. పైగా 'హైదరాబాద్' పొడవెంత అని బ్లాకుని అడిగితే 9 అంటుంది. మన కంటికి హై, ద, రా, బా, ద్ అని అయిదే. గుణింతపు గుర్తుల్నీ పొల్లునీ అది విడిగా లెక్కపెడుతుంది. 'క్ష' ఒక్కటే మూడు. స్క్రాచ్‌లో పేర్ల జోలికి పోకుండా ఆటగాడికి ఒక నంబరు ఇచ్చేయడం నయం.

అసలు లోపం ఇవేవీ కాదు. స్నేహితుడు ఆడాలంటే ప్రాజెక్టుని షేర్ చేయాలి. షేర్ చేస్తే ప్రపంచంలో ఎవరు తెరిచినా అదే వేరియబుల్ మీద పడతారు. విడి గదులు లేవు. ఇద్దరు ఒకే క్షణంలో రాస్తే చివర రాసినదే నిలుస్తుంది, మొదటిది పోయిందన్న కబురు కూడా ఎవరికీ రాదు. ఒక ఆటగాడు లేచి వెళ్ళిపోయాడని తెలియాలంటే ప్రతి ఒక్కరూ రెండు సెకన్లకోసారి తమ వేరియబుల్‌లో ఒక అంకె మారుస్తూ ఉండాలి. ఆరు సెకన్లు మారకపోతే వెళ్ళినట్టు. ఇదంతా చేయొచ్చు. కానీ పిల్లల బుర్ర ఆట మీద కాకుండా అంకెలు పొదగడం మీద ఖర్చవుతుంది.

నెట్స్‌బ్లాక్స్ ఈ భారాన్ని తీసేస్తుంది. ఇది బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళ స్నాప్ అనే బ్లాకుల భాష మీద కట్టింది, చూడటానికి స్క్రాచ్‌కి దగ్గరి చుట్టమే. ఎడిటర్ డాట్ నెట్స్‌బ్లాక్స్ డాట్ ఆర్గ్ తెరిచి అకౌంటు చేసుకుంటే చాలు. స్క్రిప్టులు, కాస్ట్యూములు, శబ్దాల పక్కన 'రూమ్' అనే ట్యాబు ఉంటుంది. అందులో ఒక వృత్తం, దాని ముక్కలు పాత్రలు. ఒక్కో పాత్రకి సొంత స్టేజి, సొంత స్ప్రైట్లు (కదిలే బొమ్మలు), సొంత స్క్రిప్టులు. పాత్ర మీద నొక్కి స్నేహితుడి యూజర్‌నేమ్‌తో పిలిస్తే అతను వచ్చి అందులో కూర్చుంటాడు. పిలవనివాళ్ళు ఆటలోకి రారు. స్క్రాచ్‌లో లేనిది ఈ గదే.

రెండో మేలు, సందేశాలకి ఆకారం ఉండటం. నెట్‌వర్క్ బ్లాకుల్లో కొత్త సందేశ రకం చేసి, దానికి పేరూ గడులూ పెట్టుకోవచ్చు. మన ఆటకి అయిదు రకాలు సరిపోతాయి. 'వచ్చాను', 'పందెం కావాలి' రెండింట్లోనూ ఒకే గడి: ఎవరు. 'పందెం పడింది'లో ఎవరు, ఎంత. 'కదుపు'లో ఎవరు, ఏ కాయ. 'పరిస్థితి'లో ఎత్తుల లెక్క, వంతు, పదహారు కాయల లిస్టు. అంకెలు పొదగక్కర్లేదు; లిస్టుని లిస్టుగానే, తెలుగు పేరుని తెలుగుగానే పంపొచ్చు. ఒక జాగ్రత్త: సందేశ రకాల పేర్లు అన్ని పాత్రల్లోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. తెలుగు కీబోర్డుల్లో కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి మధ్యలో పడుతుంటుంది. చూపుకి ఒకటే, కంప్యూటర్‌కి రెండు వేర్వేరు పేర్లు. మళ్ళీ టైపు చేయకుండా, ఒక ఆటగాడి పాత్ర పూర్తిగా సిద్ధమయ్యాక దాన్నే డూప్లికేట్ చేస్తే ఈ గొడవ ఉండదు.

లెక్క ఎక్కడ ఉంచాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. బడిలో అయితే 'పీట' అని ఒక విడి పాత్ర చేసి టీచర్ కంప్యూటర్‌లో, ప్రొజెక్టర్ మీద నడపండి. ఇంట్లో ఇద్దరే అయితే ఒకటో ఆటగాడి పాత్రలోనే ఆ పని పెట్టండి. గవ్వలు వేసేది, కాయ చచ్చిందో లేదో తేల్చేది, వంతు మార్చేది అంతా పీటే. ఆటగాడి తెర కాయ మీద నొక్కితే 'కదుపు' అని అడుగుతుంది, అంతే. నొక్కిన వెంటనే తన తెర మీద కాయని జరపకూడదు. పీట నుంచి 'పరిస్థితి' వచ్చాకే జరపాలి. ఇది పాటించని ఆటల్లో పది నిమిషాలకి రెండు తెరల మీద రెండు వేర్వేరు ఆటలు నడుస్తుంటాయి. నెట్స్‌బ్లాక్స్‌లో పాత్రలు విడివిడిగా కళ్ళెదుట ఉంటాయి కాబట్టి ఈ సంగతి పిల్లలకి చెప్పడం చాలా సులువు. స్క్రాచ్‌లో అందరూ ఒకే ప్రాజెక్టు నడుపుతుంటే 'ఎవరి లెక్క అసలైనది' అన్న ప్రశ్నే వాళ్ళకి తట్టదు.

గవ్వల దగ్గర ఒక మాట. 1, 2, 3, 4, 8లో ఏదో ఒకటి ఎంచమని రాస్తే అష్టా అయిదు పందేలకోసారి పడుతుంది. నాలుగు గవ్వలకి విడిగా 0 లేదా 1 వేయించి కూడండి. మొత్తం 0 అయితే అష్టా, 4 అయితే చమ్మా. అప్పుడు పదహారు పందేల్లో అష్టా ఒకసారి, చమ్మా ఒకసారి, రెండు ఆరుసార్లు, ఒకటీ మూడూ నాలుగేసి సార్లు పడాలి. చేతిలో వేసిన గవ్వల తీరుకి ఇది చాలా దగ్గర.

చావు లెక్కలో తరచూ వచ్చే తప్పు లోపలి వరసలో ఉంటుంది. బయటి వరసలో అపసవ్యంగా తిరుగుతాం, లోపలికి వెళ్ళాక సవ్యంగా. నలుగురు ఆటగాళ్ళు అపసవ్యంగా కూర్చుని, మొదటి ఆటగాడి అంకె 0 అనుకుంటే, బయట కాయ ఉన్న గడికి ఆటగాడి అంకె నాలుగు రెట్లు కలిపి 16తో భాగించగా మిగిలిన శేషం తీసుకోవాలి. లోపల మాత్రం 16 తీసేసి, ఆటగాడి అంకె రెండు రెట్లు కలపకుండా తీసివేసి, 8తో శేషం. ఒకే వరసలోని రెండు కాయలకి ఈ శేషం ఒకటే వస్తే అవి ఒకే గడిలో ఉన్నట్టు. కలిపితే బయట ఆట బాగానే సాగుతుంది, లోపలికి వచ్చాక ఒకే గడిలో ఉన్న రెండు కాయలూ ఒకదాన్నొకటి చంపవు.

ఇక నెట్స్‌బ్లాక్స్‌లో పనిచేయనట్టు అనిపించే నాలుగైదు సందర్భాలు. పచ్చజెండా ఒకరు నొక్కితే వాళ్ళ దగ్గరే మొదలవుతుంది. 'బ్రాడ్‌కాస్ట్' కూడా అంతే, పాత్ర దాటి పోదు. స్క్రాచ్ అలవాటుతో వచ్చినవాళ్ళు మొదట తడబడేది ఇక్కడే. పంపే చోట 'గదిలో మిగతావాళ్ళకి', 'గదిలో అందరికీ' అని రెండు ఎంపికలుంటాయి. పీట పని చేసే పాత్రే ఆటగాడు కూడా అయితే రెండోది కావాలి, లేకపోతే తన తెరే మారదు. పాత్రలో ఎవరూ లేనప్పుడు పంపిన సందేశం వాళ్ళ కోసం కాచుకుని ఉండదు. అందుకే కొత్తగా వచ్చిన ఆటగాడు 'వచ్చాను' అని చెప్పగానే పీట మొత్తం పరిస్థితిని మళ్ళీ పంపాలి. 'ఫరెవర్' లూపులో పంపే బ్లాకు పెట్టొద్దు, సెకనుకి పదుల కొద్దీ సందేశాలు వెళ్ళి అన్నీ కూరుకుపోతాయి. ఏదైనా మారినప్పుడే పంపాలి. ఒకే కంప్యూటర్‌లో పరీక్షించేటప్పుడు రెండు ట్యాబులు కాకుండా రెండు కిటికీలు పక్కపక్కన తెరవండి. వెనకపడ్డ ట్యాబుని బ్రౌజర్ నిద్రపుచ్చుతుంది, స్క్రిప్టు ఆగిపోతుంది.

వేగం విషయం నిజం చెప్పుకోవాలి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కి మెట్రోలో సుమారు 29 కిలోమీటర్లు. సందేశం మాత్రం సర్వర్ దాకా వెళ్ళి తిరిగి రావాలి. సర్వర్ అమెరికా తూర్పు తీరాన ఉందనుకుంటే దారి ఒకవైపే సుమారు 13,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి పోనురాను కనీసం 130 మిల్లీసెకన్లు; మలుపులూ మధ్య యంత్రాలూ కలిసి పావు సెకను అనుకోండి. అష్టాచమ్మాకి అది లెక్కలోకే రాదు. బంతి, బ్యాటు ఆటకి చాలా ఎక్కువ. 480 స్టెప్పుల (తెర మీది కొలత) వెడల్పున్న స్టేజిని బంతి రెండు సెకన్లలో దాటుతుంటే పావు సెకనులో 60 స్టెప్పులు జరిగిపోతుంది, అంటే ఒక బ్యాటు వెడల్పు. ఈ పనికి మాత్రం స్క్రాచ్ క్లౌడ్ కూడా ఆదుకోదు, అది సెకనుకి పదిసార్ల కన్నా ఎక్కువ పంపదు. పరుగుల ఆటలు చేయాలనుకునేవాళ్ళకి ఈ రెండూ సరిపడవు.

ఆరో తరగతి లోపు పిల్లలకి, ఇద్దరు ముగ్గురి స్కోరు బోర్డు చాలనుకునేవాళ్ళకి స్క్రాచ్ క్లౌడే బాగుంటుంది. తెలిసిన చోటే పని అయిపోతుంది. ఏడు, ఎనిమిది తరగతుల నుంచి వంతుల ఆటలు చేయాలంటే నెట్స్‌బ్లాక్స్‌నే గట్టిగా సిఫార్సు చేస్తాం. పులి మేక, వామనగుంటలు కూడా ఇదే పీట పద్ధతిలో కుదురుతాయి. చిన్న ఫోను తెర మీద బ్లాకులు పేర్చడం కష్టం, కంప్యూటరో ల్యాప్‌టాపో ఉండాలి. బడి ల్యాబ్‌లో మొదలుపెట్టే ముందు రోజే రెండు కంప్యూటర్ల మధ్య ఒక్క సందేశం పంపి చూడండి. కొన్ని బళ్ళ ఫైర్‌వాల్ (నెట్‌లో ఏది రావాలో ఏది ఆగాలో చూసే కాపలా) పేజీని తెరవనిస్తుంది గానీ సందేశాలు అటూ ఇటూ నడిచే దారి అయిన వెబ్‌సాకెట్‌ని ఆపేస్తుంది. అప్పుడు ఎడిటర్ మామూలుగానే కనిపిస్తుంది, సందేశాలు మాత్రం చేరవు. ఒక మొబైల్ హాట్‌స్పాట్‌కి మార్చి అదే సందేశం పంపితే తప్పు స్క్రిప్టులో ఉందో నెట్‌లో ఉందో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.