అధ్యక్షుడికి రెండే దఫాలా, ఎన్నయినా పర్లేదా, లేక ఉన్నోడికే పొడిగింపా? ఏది మేలు?

2025 ఆగస్టులో యూరియాకు కటకట వచ్చినప్పుడు మిర్యాలగూడ దగ్గర మా ఊరి సొసైటీ గోదాము ముందు మనుషులకంటే చెప్పులే ఎక్కువసేపు నిలబడ్డాయి. పొద్దున నాలుగింటికే వచ్చి చెప్పులు వరసలో విడిచి, వాటి మీద పాస్‌బుక్ జిరాక్సు పెట్టి, అది ఎగిరిపోకుండా పైన ఒక రాయి పెట్టి అందరం వేపచెట్టు కింద కూర్చున్నాం. మా మామ చెప్పులు పదిహేడో నంబరు, నావి ఇరవై రెండు. అప్పుడే ఎవరో పేపర్ చూసి, సొసైటీ పాలకవర్గాలకు ఇంకో ఆర్నెల్లు పొడిగించారని చదివారు. 2020 ఫిబ్రవరిలో ఓట్లేస్తే ఐదేళ్లకు గెలిచినవాళ్లు, 2025 ఫిబ్రవరిలో ఒకసారి ఆర్నెల్లు పొడిగింపు అయింది, ఇప్పుడు ఇది రెండోది.

"మంచిదే, ఉన్నోళ్లుంటే పని నడుస్తది గదా" అన్నాడు మామ.

"నడిస్తే మన చెప్పులెందుకున్నయ్ అన్నా లైన్ల?" అంది పక్కన కూర్చున్న ఒకామె.

సరిగ్గా ఆ రెండు వారాల ముందే, జులై 31న, ఎక్కడో మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశంలో వాళ్ల చట్టసభ 57–3 ఓట్లతో అధ్యక్షుడు ఎన్నిసార్లయినా పోటీ చేయొచ్చని రాజ్యాంగం మార్చింది, దాంతోపాటు ఐదేళ్ల పదవీకాలాన్ని ఆరేళ్లు చేసింది. అక్కడి అధ్యక్షుడు బుకేలేకు నిజంగానే జనంలో పేరుంది, గ్యాంగులను అణిచాడని. నేను ఫోన్లో అది చూపిస్తే మామ అన్న మాట ఇదే, "జనమే కావాలంటే మధ్యల నీకేం నొప్పి?" అప్పటికప్పుడు జవాబు దొరకలేదు. తర్వాత ఆలోచించింది రాస్తున్నా.

ముందు ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే గందరగోళం వస్తోంది. ఇంకోసారి పోటీకి దిగనివ్వడం వేరు, పోటీయే పెట్టకుండా కుర్చీలో కాలం పెంచడం వేరు. మొదటిదాంట్లో కనీసం ఓటు ఉంటుంది. మా సొసైటీది రెండో రకం.

ఇక రెండు దఫాలు చాలు అనే పద్ధతి. దీనికి పెద్ద ఉదాహరణ అమెరికా. నిజానికి మొదట్లో అక్కడ ఇది చట్టం కాదు, ఆనవాయితీ. వాషింగ్టన్ రెండుసార్లు చేసి ఇక చాలని ఇంటికి పోయాడు, తర్వాతివాళ్లు చాలావరకు అదే పాటించారు. రూజ్‌వెల్ట్ వచ్చి 1932, 36, 40, 44 నాలుగుసార్లు గెలిచాడు, 1945లో పదవిలోనే చనిపోయాడు. చెడ్డవాడని కాదు, ఆర్థిక మాంద్యం, ప్రపంచ యుద్ధం రెండూ మోసినవాడు. అయినా వాళ్లకు భయం వేసి 22వ సవరణ తెచ్చారు, 1951లో అమల్లోకి వచ్చింది. దీంట్లో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది: అప్పుడు కుర్చీలో ఉన్న ట్రూమన్‌కు ఈ పరిమితి వర్తించదని ఆ సవరణలోనే రాశారు. అంటే రూలు రాసేటప్పుడు ఎదురుగా ఉన్న మనిషిని లెక్కలోంచి తీసేశారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

ఈ పద్ధతిలో లోపాలు లేవని కాదు. బాగా పనిచేసే మనిషిని కూడా బలవంతంగా పంపాల్సి వస్తుంది. పైగా రూలును పక్కదారిలో దాటొచ్చు. రష్యాలో వరసగా రెండుసార్లే అని ఉంటే, పుతిన్ 2008లో మెద్వెదెవ్‌ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టి తాను ప్రధాని అయ్యాడు, నాలుగేళ్లకు మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఇది మనకు వింత కాదు. మహిళా రిజర్వేషన్ వస్తే భార్యను నిలబెట్టి, గ్రామసభలో మైకు తానే పట్టుకుని, ఊరంతా తననే సర్పంచ్ సాబ్ అనేటట్టు చేసుకునే మొగుళ్లను ప్రతి మండలంలో చూస్తున్నాం. కాకపోతే రష్యాలో ఆ ఆట అక్కడితో ఆగలేదు. 2020లో రాజ్యాంగం మార్చి పాత దఫాలన్నీ సున్నా చేసుకున్నాడు, 2036 దాకా ఉండే వీలుంది ఇప్పుడు.

రెండో పద్ధతి మనది. ప్రధానికీ ముఖ్యమంత్రికీ లెక్క లేదు. రాష్ట్రపతికి కూడా లేదు, 57వ అధికరణం మళ్లీ పోటీ చేయొచ్చనే అంటుంది, అయినా రెండుసార్లు చేసింది ఒక్క రాజేంద్రప్రసాదే. లెక్క లేకపోయినా మనకు నడుస్తోందంటే కారణం, సభలో మద్దతు పోతే ఆ రోజే దిగిపోవాలి. 1999లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్కటంటే ఒక్క ఓటుతో పడిపోయింది. జనం నేరుగా ఎన్నుకున్న అధ్యక్షుడిని అట్లా దించలేరు, అభిశంసన పెట్టాలి, అమెరికాలో ఇప్పటిదాకా ఒక్క అధ్యక్షుడు కూడా దాంతో పదవి పోగొట్టుకోలేదు. అందుకే "మోదీకి లేని లిమిట్ వాళ్లకెందుకు" అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే, బ్రేకులు వేరే చోట ఉన్న బండికి, అసలు బ్రేకే లేని బండికి పోలిక పెట్టొద్దు.

ఇంకో బ్రేకు ఓటరు. 1989లో ముఖ్యమంత్రిగా ఉండి ఎన్టీఆర్ మన కల్వకుర్తిలో పోటీ చేస్తే ఓడగొట్టి పంపారు. హిందూపురంలో గెలిచాడు కాబట్టి సభలోకి పోయాడు గానీ, అంతటి మనిషిని పాలమూరు పల్లెలు వద్దనుకున్నాయంటే అది చిన్న మాట కాదు. మా పెద్దనాయినకు అక్కడ చుట్టాలున్నారు, ఇప్పటికీ ఆ ఊరు పేరెత్తితే ఈ కథే మొదలుపెడతారు.

అయితే మనల్ని మనం మరీ మెచ్చుకునే ముందు 1976 గుర్తు చేసుకోవాలి. 1971లో ఎన్నికైన లోక్‌సభ 1976లో అయిపోవాలి. ఎమర్జెన్సీ కదా, దాని కాలం పొడిగించారు, అది చాలదన్నట్టు 42వ సవరణతో ఐదేళ్లను ఆరేళ్లు చేశారు. ఎవరి కాలం? ఆ సవరణకు చేతులెత్తిన ఎంపీలదే. కంచే చేను మేయడమంటే ఇదే. 1977లో దేశం వాళ్లను ఓడించింది, నిజమే, కానీ ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకు 41 కాంగ్రెస్‌కే పడ్డాయి, నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా అందులోవే. పోయింది ఒక్క నంద్యాల, అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి ఆ ఏడాదే రాష్ట్రపతి అయ్యాడు, మళ్లీ ఆరును ఐదు చేసిన 44వ సవరణకు సంతకం పెట్టింది కూడా ఆయనే. అంటే జనం అన్నిసార్లూ కాపాడతారనుకుంటే కష్టం. ఆ పొడిగింపు ప్రభావం మా తాతల కాలంలో ఓట్ల మీద కనిపించిందేమీ లేదు మరి.

మూడోది, ఉన్న పరిమితిని ఉన్నోడే పెంచుకోవడం. వివాదమంతా దీని దగ్గరే, కొంచెం ఎక్కువ రాస్తా.

పక్కనే శ్రీలంక ఉంది. 1978 రాజ్యాంగంలోనే రెండు దఫాల హద్దు ఉంది. 2009లో యుద్ధం గెలిచాక అధ్యక్షుడు మహింద రాజపక్సకు ఎదురు లేదు. ఆ ఊపులో 2010లో 18వ సవరణ పెట్టి హద్దు తీసేశారు. అప్పుడూ మా మామ మాటే చెప్పారు, జనం కావాలంటున్నారు కదా అని. 2015 జనవరిలో మూడోసారి నిలబడితే సొంత మంత్రివర్గంలో ఉన్న సిరిసేన ఎదురు తిరిగి ఓడించాడు, ఆ ఏడాదే 19వ సవరణతో పాత హద్దు మళ్లీ పెట్టారు. కొందరు దీన్ని చూపి చూశారా, ఓటరే సరిచేశాడు అంటారు. నాకు అట్లా అనిపించదు. సొంత మనిషి ఎదురు తిరగకపోతే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు?

బొలీవియాలో ఇంకా విచిత్రం. 2016లో అధ్యక్షుడు ఈవో మొరాలెస్ ఇంకోసారి పోటీ చేయొచ్చా అని జనాన్నే అడిగితే వద్దన్నారు. సరే అని ఊరుకోవాలి కదా, 2017లో కోర్టు పోటీ చేయడం మానవ హక్కు అని తేల్చింది. 2019లో ఎన్నిక జరిగింది, గొడవలయ్యాయి, రాజీనామా చేసి దేశం విడిచిపోయాడు. జనం పేరు చెప్పి మొదలుపెట్టి, జనం వద్దంటే కోర్టు తలుపు తట్టడం, ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. బుర్కినాఫాసోలో 27 ఏళ్లు ఏలిన కంపావొరె 2014లో ఇదే ప్రయత్నం చేస్తే జనం పార్లమెంటు భవనానికి నిప్పు పెట్టారు, ఆయన పక్క దేశానికి పారిపోయాడు. చైనాలో గొడవే లేదు, 2018లో అధ్యక్షుడి రెండు దఫాల హద్దు తీసేద్దామా అంటే వాళ్ల పార్లమెంటులో 2,958 మంది సరే, ఇద్దరు వద్దు. ఆ ఇద్దరు ఎవరో గానీ దండం పెట్టాలి.

ఉగాండా చూస్తే ఇది మెట్లు మెట్లుగా వస్తుందని అర్థమవుతుంది. ముసెవేని 1986 నుంచి అధ్యక్షుడిగా ఉన్నాడు. 2005లో దఫాల హద్దు తీసేశారు, 2017లో 75 ఏళ్ల వయసు హద్దు కూడా తీసేశారు. ఒక గోడ తీశాక రెండోది అడ్డం వస్తుంది కదా, తీయాల్సిందే.

ప్రమాదం మనిషి చెడ్డవాడు కావడంలో లేదు. పది పదిహేనేళ్లు ఒకరే ఉంటే ఎస్పీ అతను వేసినవాడే, జడ్జి అతను వేసినవాడే, ఎన్నికల కమిషన్ అతనిదే, కాంట్రాక్టులన్నీ అతని మనుషులవే. అప్పుడు ఓట్లు పెట్టినా, పోటీ చేసే రెండోవాడికి మైదానమే ఉండదు. పార్టీలో కూడా వేరే మొక్క ఎదగదు, మర్రిచెట్టు కింద గడ్డి మొలవనట్టు.

మన దగ్గర ఒక తమాషా ఉంది. సహకార బ్యాంకు డైరెక్టరు వరసగా ఎనిమిదేళ్లకు మించి ఉండొద్దని హద్దు ఉండేది, 2025లో దాన్ని పదేళ్లు చేశారు. అంటే లోను సంతకాల దగ్గర కూర్చునేవాడికి హద్దు కావాలని మనకు తెలుసు.

ఇప్పుడు నా లెక్క. నేరుగా ఎన్నికయ్యే అధ్యక్షుడైతే రెండు దఫాల హద్దే మేలు, అనుమానం లేదు. మన లాంటి పార్లమెంటు పద్ధతి అయితే హద్దు లేకున్నా నడుస్తుంది, కానీ ఎన్నికలు టైముకు రావాలి, ఒక్క రోజు కూడా వెనక్కి జరగకుండా. మూడోది మాత్రం దేనికీ సరిపోదు, ఒక్క షరతు మీద తప్ప: ట్రూమన్ లెక్కను తిరగేసి, హద్దు పెంచితే ఆ పెంపు ఇప్పుడున్నోడికి పనికిరాదు, తర్వాత వచ్చేవాడి నుంచే అని రాయాలి. అట్లా రాస్తామంటే ఎంతమంది అధ్యక్షులు ఆ సవరణ పెడతారో చూడాలి.

పదిన్నరకు గోదాము తలుపు తీశారు. మనిషికి రెండు బస్తాలే అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద మామకు ఈ ట్రూమన్ సంగతి చెప్పి, మన సొసైటీకి కూడా ఏడేళ్లు కావాలంటే పెట్టుకోనీ, కాకపోతే వచ్చే పాలకవర్గం నుంచి అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. యూటర్న్ దగ్గర బండి స్లో చేసినప్పుడు వెనక నుంచి అన్నాడు, "వచ్చేటోళ్లు రావాలంటే ఓట్లు పెట్టాలి గదరా ముందుగాల."