అద్దాల పెట్టెలో అరకు ప్రయాణం: ఒక సమీక్ష

విశాఖపట్నం నుంచి ఉదయం కిరండూల్ వైపు బయలుదేరే ప్యాసింజర్ రైలుకు 2017లో మొదటిసారి జతచేసిన విస్టాడోమ్ పెట్టె, అరకు చూడదలచిన వారికి బస్సుకన్నా మేలైన మార్గమని నా అభిప్రాయం. పైకప్పులోనూ అద్దాలు ఉండటం, కుర్చీలు ఎటు కావాలంటే అటు తిరగడం దీని ప్రత్యేకతలు.

కొత్తవలస దాటే వరకు చెప్పుకోదగ్గ దృశ్యమేమీ లేదు. శివలింగపురం తరువాత ఘాట్ మొదలవుతుంది. ఒక సొరంగం చీకటి కళ్లకు అలవాటు పడేలోపే లోయ ఒక్కసారిగా తెరుచుకొని, అంతలోనే మరో సొరంగం మింగేస్తుంటే, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి 1960లలో ఈ కొండలను తొలిచిన శ్రమ ఎంతటిదో అర్థమవుతుంది. సుమారు 996 మీటర్ల ఎత్తునున్న శిమిలిగుడ వద్ద, ఎండాకాలమైనా గాలిలో తేడా తెలుస్తుంది. (ప్రతి సొరంగంలోనూ పిల్లలు వేసే కేకలను టిక్కెట్టుతో పాటు వచ్చే ఉచిత వినోదంగానే భావించాలి.)

టిక్కెట్టు ధర సాధారణ పెట్టెకన్నా చాలా ఎక్కువ, శీతాకాలంలో ముందుగా రిజర్వు చేసుకోకపోతే దొరకడం కష్టం. బొర్రా గుహలు కూడా చూడాలనుకునేవారు బొర్రా గుహలు స్టేషన్‌లోనే దిగి, అక్కడి నుంచి జీపులో అరకు చేరడం మంచిది. అరకులో గిరిజన మ్యూజియానికి తీరికగా సమయం కేటాయించాలి. బొంగు చికెన్‌ను మాత్రం కళ్లెదుట కాల్చి ఇచ్చే దుకాణంలోనే తినాలి. తిరుగు ప్రయాణానికి రోడ్డు మార్గమే నయం, ఎందుకంటే చీకటి పడ్డాక అద్దాల పెట్టెకు పెట్టిన డబ్బుకు ఫలితం ఉండదు.