పాత రన్‌అబౌట్‌ని సెంటర్ కన్సోల్ చేశాక: నా గొడవంతా తూములతోనే

మా 1984 నాటి 17 అడుగుల ఫైబర్ రన్‌అబౌట్‌ (అద్దం, సీట్లు ఉండే చిన్న షికారు మోటారు పడవ) పైభాగం కోసేసి, నడుమ కన్సోల్ (స్టీరింగ్ ఉండే నిలువు దిమ్మ) నిలబెట్టి కొన్నేళ్లయింది. టెక్సస్‌లో గాల్వెస్టన్ బేలోనూ, జెట్టీల (సముద్రంలోకి కట్టిన రాతి గట్ల) దగ్గరా బాగా తిప్పాం. ఏ రెజిన్ వాడాలి, ఎన్ని పొరలు వేయాలి అనే వీడియోలు బోలెడు దొరుకుతాయి కాబట్టి ఆ జోలికి పోను.

కన్సోల్ మాత్రం బ్రహ్మాండం. ఇదివరకు పెద్ద రెడ్‌ఫిష్ ముక్కు వైపు లాగితే అద్దం అడ్డం, సీటు అడ్డం. ఇప్పుడు చేప పడవ చుట్టూ తిరిగితే నేనూ దాని వెంటే తిరుగుతాను. కాకినాడలో అంతా తెరిచి ఉండే ఫైబర్ బోట్లు చూస్తూ పెరిగినవాణ్ణి, చేపల పడవకి సోఫా సీట్లెందుకో నాకు మొదట్నుంచీ అర్థం కాలేదు.

గొడవల్లా ఫ్లోర్‌తో. ‘నీళ్లు వాటంతట అవే పోయే డెక్’ అని అందరూ ఊరిస్తారు. అది జరగాలంటే ఫ్లోర్ బయటి నీటిమట్టం కంటే పైన ఉండాలి. పాత రన్‌అబౌట్‌లు అందుకోసం కట్టినవి కావు. అందులో మనుషులు కూర్చుంటారు, ఫ్లోర్ లోతుగా ఉంటుంది, చేరిన నీళ్లు పంపు తోడుతుంది. ఫ్లోర్ ఎత్తారా, పక్క గోడలు పొట్టివైపోతాయి. మేం మూడంగుళాలు ఎత్తాం. తొడకి ఆనాల్సిన అంచు మోకాలి దగ్గరికొచ్చింది. అలల్లో నిలబడి చేపని లాగేవాడికి ఆ తేడా బాగా తెలుస్తుంది. మనుషుల బరువూ అంత పైకి లేస్తుంది కాబట్టి పడవ ఊగడం కూడా పెరుగుతుంది.

అయినా మొదటి సీజనంతా, ఫ్లోర్ మీది నీళ్లు బయటికి పోయే ఆ తూముల్ని తెగ పొగిడాను. రెండే రెండు, వెనక పలకలో, ఒకటిన్నర అంగుళం రంధ్రాలు, బయటి నీళ్లు లోపలికి రాకుండా రబ్బరు మూతలు. అల ఎగిరి లోపల పడితే చూస్తుండగానే ఖాళీ.

తర్వాత ఒక ఫిబ్రవరిలో, బ్లాక్ డ్రమ్ గుంపులు జెట్టీలకి వచ్చే రోజుల్లో, మా బావనీ ఇంకో స్నేహితుణ్ణీ తీసుకెళ్లాను. బ్లాక్ డ్రమ్ అంటే మన గొరకకి చుట్టమే, కాకపోతే చాలా పెద్దగా పెరుగుతుంది. బావ గాలానికి అలాంటిదొకటి పడింది. ముగ్గురం వెనక కుడి మూలకి చేరాం. ఒకరి చేతిలో గాలం, ఒకరి చేతిలో వల, నేను ఇంజిన్ పక్కన. చెప్పులు తడిసినట్టనిపించి కిందకి చూస్తే చీలమండల దాకా నీళ్లు! అల ఏదీ రాలేదు. తూములు నీళ్లలో మునిగి వెనక్కి తోస్తున్నాయి. ఒక రబ్బరు మూతలో ఎర రొయ్య తల ఇరుక్కుని అది మూసుకోలేదు. నీళ్లు ఫ్లోర్ మీదున్నాయి, నీళ్లు తగిలితే పంపుని నడిపే స్విచ్ ఫ్లోర్ కిందుంది, దానికి ఈ సంగతే తెలియదు. నీళ్లు చేరేకొద్దీ మూల ఇంకా దిగుతోంది, దిగేకొద్దీ ఇంకా వస్తున్నాయి. “బావా, గాలం పట్టుకునే ముందుకి నడు” అని అరిచాను. ఆయనకి టెన్షన్ చేప గురించే. ఇద్దరూ ముక్కు దగ్గరికి వెళ్లేసరికి వెనక భాగం లేచింది, వచ్చిన నీళ్లు వచ్చిన తూముల్లోంచే పోయాయి. చేప కూడా పోయింది. ఆ సంగతి ఆయన ప్రతి సంక్రాంతికీ ఫోన్‌లో గుర్తుచేస్తాడు.

ఫ్లోర్ బిగించే ముందు కొలతలు తీసుకోకపోలేదు. ఇంజిన్, బ్యాటరీ, నిండా పెట్రోలు పెట్టి, నీళ్లలో దింపి గీత గీశాం. కాకపోతే ఆ రోజు ఉన్నది ఇద్దరమే, నిలబడ్డది నడుమ. దానికి తోడు ఇప్పటి 90 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ బరువే సుమారు 350 పౌండ్లు, అప్పటి టూ స్ట్రోక్ అంత ఉండేది కాదు. వెనకే ఉన్న, ఎరనీ చేపల్నీ ప్రాణంతో ఉంచే 20 గ్యాలన్ల నీళ్ల తొట్టి లైవ్‌వెల్ నింపితే ఇంకో 170 పౌండ్లు. ఇప్పుడు బ్యాటరీలు కన్సోల్ కిందకి మార్చాను, లైవ్‌వెల్ సగమే నింపుతున్నాను.

ఇక లంగరు వేసి చేపలు పట్టేటప్పుడు తూములకి బిరడాలు బిగిస్తాను, పడవ పరుగు అందుకున్నాక తీస్తాను. అంటే ఆ గొప్ప డెక్ నిజంగా పనికొచ్చేది పరుగులోనూ, ఇంటి ముందు ట్రైలర్ మీద హ్యూస్టన్ వాన పడ్డప్పుడూ. దీనికోసం ఫ్లోర్ ఎత్తాలా అని ఎవరైనా అడిగితే, రేవులో నీళ్లలోనే కట్టి ఉంచేవాళ్లయితే సరే అంటాను. మాలాగా ట్రైలర్ మీద తెచ్చుకునేవాళ్లకి పాత ఎత్తులోనే వేసి, మంచి పంపులు రెండు పెట్టడం మేలని నాకిప్పుడు అనిపిస్తోంది.

ఒక్క విషయంలో మాత్రం బేరం వద్దు. ఫ్లోర్ కింద పాత ఫోమ్ నీళ్లు తాగి బరువెక్కి ఉంటే తీసి పారేయండి, కానీ ఆ చోటు ఖాళీగా వదలొద్దు. 20 అడుగుల లోపు ఔట్‌బోర్డ్ (ఇంజిన్ వెనక బయట తగిలించే) పడవలు నీళ్లు నిండినా తేలాలని 1978 నుంచి అమెరికా కోస్ట్‌గార్డ్ నిబంధన ఉన్నది దీనికే. ఘనపుటడుగుకి రెండు పౌండ్లు తూగే ఫోమ్ ఒక ఘనపుటడుగు దాదాపు 60 పౌండ్లని తేల్చి ఉంచుతుంది. జెట్టీ దగ్గర ఆ రోజు నా ధైర్యమల్లా అదే.

నాకు గ్యారేజీ ఉంది, ఫైబర్ పని తెలిసిన బావమరిది ఉన్నాడు, పిల్లలు కాలేజీకి వెళ్లిపోయారు. చిన్నపిల్లలతో తిరిగేవాళ్లు అద్దమున్న పడవని కోయకపోవడమే మంచిది. గాల్వెస్టన్ బేలో లోతు తక్కువ, గాలి లేస్తే పొట్టి అలలు నిటారుగా వస్తాయి, జనవరిలో ఆ తుంపర ముఖాన కొడుతుంటే మా ఆవిడ అడిగే ప్రశ్నకి నా దగ్గర జవాబుండదు. అమ్ముకుందామనుకునేవాళ్లకి కూడా ఇది వద్దు. నన్నడిగిన ఇద్దరూ ఇంజిన్‌కీ ట్రైలర్‌కీ ధర కట్టారు, పడవని లెక్కలోకే తీసుకోలేదు.