కథలో చప్పుడు: “ధబ్!” మేలా, “ధబ్బుమని” మేలా, అసలు రాయకపోవడం మేలా?

కథ రాసే ప్రతివాళ్లకీ ఎక్కడో ఒకచోట చప్పుడుతో పని పడుతుంది. అప్పుడు మూడు దారులు కనబడతాయి. చప్పుడును విడిగా దించేయడం: “ధబ్! వడ్ల బస్తా పడింది.” దాన్ని వాక్యంలో కలిపేయడం: “వడ్ల బస్తా ధబ్బుమని పడింది.” చప్పుడు ఊసే ఎత్తకుండా, దానివల్ల జరిగింది చెప్పడం: “బస్తా పడేసరికి అరుగు మీద కునుకుతున్న తాత ఉలిక్కిపడి లేచాడు.” పెద్దవాళ్లు చదివే కథలో నా ఓటు చాలాసార్లు రెండోదానికే. మూడోది అంతకంటే బలమైంది, కానీ చోటు చూసి వాడాలి. మొదటిదాన్ని వీలైనంత దూరం పెట్టమంటాను.

ఎందుకంటే, విడి చప్పుడు బొమ్మల కథలకు సరిపోయే పద్ధతి. అక్కడ ‘ఢాం’ పక్కనే బొమ్మ ఉంటుంది, పేలింది ఏదో అదే చూపిస్తుంది. వచనంలో ఆ సాయం లేదు. “ఢాం!” అని రాస్తే లారీ టైరు పేలిందో, చీమకుర్తి క్వారీలో రాయి పేల్చారో తెలియదు. అది చెప్పడానికి ఎలాగూ ఇంకో వాక్యం రాయాలి. రెండు ‘ఆ’లు, మూడు ఆశ్చర్యార్థకాలు చేర్చినంత మాత్రాన చప్పుడేమీ పెరగదు.

రెండో దారిలో తెలుగుకున్న సంపద అంతా ఇంతా కాదు. బస్తా ధబ్బుమంటుంది, స్టీలు బిందె ఖంగుమంటుంది, కుండ భళ్లున పగులుతుంది, తలుపు కిర్రుమంటుంది, పోపులో ఆవాలు చిటపటలాడతాయి. పడిన వస్తువు దేనితో చేసిందో ఆ ఒక్క మాటే చెప్పేస్తుంది. క్రియను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి కథ నడక ఆగదు. కొన్నిటిలో చప్పుడుతో పాటు కదలిక కూడా ఉంటుంది. ప్రకాశం జిల్లా ఊళ్లలో తిరునాళ్లకు జరిగే ఎడ్ల బండలాగుడు పోటీనే తీసుకోండి. ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం లాగిన జత గెలుస్తుంది. ఆ ఘట్టాన్ని మూడు రకాలుగా రాసి చూద్దాం.

“బర్ర్ బర్ర్! బండ కదిలింది.”

“గిత్తలు బండను బరబరా ఈడ్చుకుపోయాయి.”

“కాడి బిగిసింది. గిట్టలు నేలలోకి దిగబడ్డాయి. మెడనరాలు తేలాయి. బండ కదల్లేదు.”

మొదటిది చదివితే మోటారేదో స్టార్ట్ చేసినట్టుంది. రెండోదాంట్లో రాపిడి, వేగం, దుమ్ము అన్నీ ‘బరబరా’లోనే ఉన్నాయి. మూడోదాంట్లో చప్పుడే లేదు, చదివేవాడే ఊపిరి బిగబడతాడు. నేనైతే మూడోదానితో మొదలుపెట్టి, బండ కదిలే వాక్యం దగ్గర ‘బరబరా’ తెస్తాను. అంతసేపు చప్పుడు దాచి ఉంచితేనే ఆ మాటకు విలువ.

రెండో దారిలో ఒక గుంట ఉంది: అరిగిపోయిన జతలు. నది అనగానే గలగల, నవ్వు అనగానే కిలకిల, కన్నీళ్లనగానే జలజల. పెన్న ఒడ్డున పుట్టినవాళ్లు కూడా “పెన్న గలగలా పారుతోంది” అని రాయడం చూస్తే బాధేస్తుంది. ఎండాకాలంలో నెల్లూరు దగ్గర పెన్నంటే చాలామటుకు ఇసుకే. వరద రోజుల్లో సోమశిల గేట్లెత్తితే వచ్చేది గలగల కాదు, హోరు. గలగలమనేది పొలం పక్క పిల్లకాలువ. చెవితో విని రాస్తే ఈ తేడా దానంతటదే వస్తుంది.

ఇక మూడో దారి. ఆగకుండా మోగే చప్పుళ్లకు ఇదే మేలని గట్టిగా నమ్ముతాను. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో రాత్రంతా ఏరియేటర్లు, అంటే నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు, తిరుగుతూనే ఉంటాయి. వాటి రెక్కలు నీళ్లను టపటపా కొడుతుంటాయి. కొత్తగా వచ్చినవాడికి ఆ టపటప వినిపిస్తుంది, నిద్ర పట్టదు. గుంట దగ్గర కాపలా కాసేవాడికి ఆ మోత లేకపోతేనే నిద్ర పట్టదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గి ఉంటుంది, ఆ సమయంలో ఏరియేటర్లు ఆగిపోతే రొయ్యలు పైకి తేలిపోతాయి. కాబట్టి కాపలావాడి కథలో ‘టపటప’ని పేజీకోసారి రాయడం కంటే, “మెలకువ వచ్చింది. ఏదీ మోగట్లేదు. లేచి జనరేటర్ వైపు పరిగెత్తాడు” అంటే చాలు, టెన్షన్ మొత్తం వచ్చేస్తుంది. పాత్ర చెవికి వినబడనిది వాక్యంలోనూ వినబడకూడదు.

ఇంకో దారి కూడా ఉంది, కాస్త కష్టమైంది. అనుకరణ మాటే లేకుండా అక్షరాలతో ఆ నడక తెప్పించడం. గజేంద్రమోక్షంలో లక్ష్మి భర్తను అడుగుదామని వెళ్లి, ఆగి, తడబడే పద్యంలో పోతన ‘డ’కారాన్ని పదేపదే వేసి ఆ తడబాటునే వినిపించాడు. వచనంలో ఇది మోతాదు మించితే ప్రాస కోసం రాసినట్టుంటుంది. ఒకటి రెండు వాక్యాలకు బాగుంటుంది.

సంభాషణల్లో లెక్క వేరు. మనవాళ్లు జరిగింది చెప్పేటప్పుడు చప్పుళ్లు చేస్తూనే చెబుతారు. “ఆ లారీ వచ్చి ధన్‌మని గుద్దిందన్నా, ఇంకేం చెప్పేది” అనే మనిషి నోట్లోంచి ‘ధన్‌మని’ తీసేస్తే ఆ మనిషే కనిపించడు. అన్నట్టు, మా వైపు “దబ్బున రా” అంటే తొందరగా రమ్మని. అది చప్పుడు కాదు. మీ పాత్ర ఆ మాట అన్న పక్క వాక్యంలోనే ఏదో ‘ధబ్బున’ పడకుండా చూసుకోండి.

చిన్నపిల్లల కథల్లో మాత్రం మొదటి దారికే మొదటి స్థానం. “టక్ టక్ టక్!” అని అమ్మ చదువుతూ గోడ మీద తడితే పిల్లలు తామూ తడతారు. ఆడియో కథలకూ విడి చప్పుడు నప్పుతుంది. కాకపోతే తలుపు చప్పుడు రికార్డింగులోనే వేస్తుంటే, చదివే వాక్యంలోంచి ‘కిర్రుమని’ కొట్టేయాలి. రెండూ ఉంచితే రెండు తలుపులు తెరిచినట్టు వినిపిస్తుంది.