వీఆర్ కథలు: సాక్షిగా నిలబెట్టడమా, బాధితుడిగా మార్చడమా – ఏది మేలు?

కాలేజీల్లోనూ స్వచ్ఛంద సంస్థల్లోనూ వీఆర్ (వర్చువల్ రియాలిటీ – కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆ దృశ్యం మధ్యలోనే ఉన్నట్టు అనిపించే పద్ధతి) కార్యక్రమం పెట్టాలనుకునేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. చుట్టూ ఉన్నదంతా ఒకేసారి తీసే 360 డిగ్రీల కెమెరాతో డాక్యుమెంటరీ తీయాలా? లేక చూసేవాళ్లే పాత్రగా మారి, చేతులతో వస్తువులు పట్టుకుని, నిర్ణయాలు తీసుకునే గ్రాఫిక్స్ అనుభవం చేయించాలా? చాలామంది ఖర్చు చూసి తేల్చేస్తారు. నిజానికి ముందు తేలాల్సింది, హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి ఆ కథలో ఎవరన్నది.

మొదటిదైన సాక్షి పద్ధతికి అందరికీ తెలిసిన ఉదాహరణ, 2015లో ఐక్యరాజ్యసమితి కోసం గాబో అరోరా, క్రిస్ మిల్క్ తీసిన ‘క్లౌడ్స్ ఓవర్ సిద్రా’. జోర్డాన్‌లోని జాతారీ శరణార్థి శిబిరంలో ఉండే పన్నెండేళ్ల సిరియా అమ్మాయి తన బడి, రొట్టెల బట్టీ, ఆటస్థలం చూపిస్తుంది. నిడివి ఎనిమిదిన్నర నిమిషాలే. ఒకచోట పిల్లలంతా కెమెరా చుట్టూ చేరతారు. తల ఎటు తిప్పినా ఎవరో ఒకరు మనల్నే చూస్తుంటారు. మనం అక్కడికి వచ్చిన అతిథులం, సిద్రా కాదు. మాట ఆమెదే.

చూసేవాళ్లనే బాధితుడిగా మార్చే రెండో పద్ధతికి అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో తయారైన ‘బికమింగ్ హోమ్‌లెస్’ మంచి ఉదాహరణ. ఉద్యోగం పోతుంది, అద్దె కట్టడానికి ఇంట్లో ఏ సామాను అమ్మాలో మీరే ఎంచుకోవాలి, తర్వాత కారులో పడుకోవాలి. దీని ఫలితాలను తీసిపారేయలేం. 2018లో వచ్చిన అధ్యయనంలో, వీఆర్ చూసినవాళ్లలో 82 శాతం మంది ఇళ్లు లేనివాళ్లకు మద్దతుగా అర్జీపై సంతకం చేస్తే, అదే కథను చదివి ఊహించుకున్నవాళ్లలో 67 శాతం మందే చేశారు. అయితే ఎనిమిది వారాల పాటు గమనిస్తే, సహానుభూతి కలిగిందని చెప్పుకోవడంలో మాత్రం రెండు బృందాలూ దాదాపు సమానమే.

ఇది పనిచేయడానికి కారణం ఉంది. ఉద్యోగం పోవడం, అద్దె బాకీ పడటం ఎవరికైనా రాగల పరిస్థితులు. పది నిమిషాల్లో వాటి రుచి తెలుస్తుంది. వైకల్యం, కులం, ఏళ్ల తరబడి మోసిన అవమానం అలా కుదరవు. 2015లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన చూడండి. కళ్లకు గంతలు కట్టి తిప్పిన తర్వాత, అంధులు ఉద్యోగం చేసుకోగలరా, సొంతంగా బతకగలరా అని అడిగితే, ఆ అనుభవం పొందినవాళ్లే అంధుల సామర్థ్యాన్ని తక్కువగా అంచనా వేశారు. కొత్తగా చూపు పోయినవాడి తడబాటు తెలిసింది తప్ప, ఏళ్లుగా ఆ జీవితంలో నేర్చుకున్న నేర్పు తెలియలేదు. జాలి పెరిగింది, గౌరవం తగ్గింది. అందుకే మన దగ్గర తీసే చాలా కథలకు సాక్షి పద్ధతే మేలని నా అభిప్రాయం.

సాక్షి పద్ధతిలో కెమెరాను ఎంత ఎత్తున పెట్టామన్నదే సగం పని చేస్తుంది. ప్రేక్షకుడు కుర్చీలో కూర్చుని చూస్తాడు కాబట్టి లెన్స్ నేల నుంచి 110–120 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. ట్రైపాడ్‌ను నిలువెత్తు లేపితే, నేల మీద కూర్చుని మాట్లాడే మనిషిని పైనుంచి చూస్తున్నట్టవుతుంది. కథ ఎంత గొప్పదైనా ఆ చూపులో చులకన వచ్చేస్తుంది. 5.7కె కెమెరా 5,760 పిక్సెళ్లను చుట్టూతా పంచుతుంది, కళ్ల ముందున్న 90 డిగ్రీలకు దక్కేవి 1,440 మాత్రమే. అందువల్ల మాట్లాడే మనిషి మూడు మీటర్లు దాటితే ముఖంలో భావం కనిపించదు. మీటరు కన్నా దగ్గరికి వచ్చి, రెండు లెన్సుల అతుకు మీద పడితే ముఖం చీలిపోతుంది. ఒకటి నుంచి రెండు మీటర్ల దూరంలో, ఒక లెన్స్‌కు ఎదురుగా కూర్చోబెట్టండి. కెమెరాను కదిలించొద్దు, వికారం వచ్చేది ప్రధానంగా అందువల్లే. ఒక్కో షాట్ కనీసం 20 సెకన్లు ఉంచండి, చుట్టూ చూసుకోవడానికే పది సెకన్లు పడుతుంది.

సబ్‌టైటిళ్లు ముందువైపే వేస్తే వెనక్కి తిరిగినవాళ్లకు కనిపించవు. 120 డిగ్రీలకు ఒకటి చొప్పున మూడు చోట్ల వేయడం కన్నా తెలుగు గొంతు వినిపించడం నయం. చెప్పే మనిషిది ఆదిలాబాద్ అయితే ఆ యాసలోనే ఉంచండి. టీవీ వార్తల భాషలోకి మార్చితే మనిషి మాయమవుతుంది.

చూపించేటప్పుడు దెబ్బతీసేది సమయం. ఎనిమిది నిమిషాల సినిమాకు హెడ్‌సెట్ పెట్టడం, సరిచేయడం, తుడవడం కలిపి పన్నెండు నిమిషాలు. 40 మందికి ఐదు హెడ్‌సెట్లుంటే ఎనిమిది విడతలు, 96 నిమిషాలు. ఒక్క పీరియడ్‌లో అవదు. అవుతుందనుకున్నచోట ముందుగా కోత పడేది చర్చకే. 43 అధ్యయనాలను కలిపి 2021లో వెలువడిన విశ్లేషణ ప్రకారం వీఆర్ భావోద్వేగాన్ని పెంచుతోంది కానీ, ఎదుటివాళ్లు ఏమనుకుంటున్నారో అర్థం చేసుకునే శక్తిని పెంచడం లేదు. ఆ రెండోది చర్చలో రావాలి. “మీకేమనిపించింది?” అని అడిగి వదిలేయకండి. “ఆమె ఆ మాట ఎందుకు చెప్పకుండా ఆపేసింది?” అని అడగండి.

ఫోన్ పెట్టుకునే అట్ట వ్యూయర్లు చవకే గానీ, కాసేపటికే ఫోన్ వేడెక్కవచ్చు, బొమ్మ తడబడవచ్చు. హెడ్‌సెట్లు దొరక్కపోతే మామూలు వీడియో వేసి చర్చ పెట్టుకోవడమే మంచిది.

తీసింది ఎవరికైనా చూపించే ముందు, అందులో కనిపించిన మనిషికే హెడ్‌సెట్ పెట్టి మొత్తం చూపించండి. 360 డిగ్రీల షాట్‌లో ఇంటి మూలలు, వెనకున్న పిల్లలు, ఆరేసిన బట్టలు అన్నీ పడతాయి. ఫ్రేమ్ కత్తిరించి వాటిని తప్పించే వీలుండదు. ఆ మనిషి వద్దంటే ఆ షాట్ మొత్తం తీసేయాల్సిందే.