బషీర్‌బాగ్ భవనంలో అమెరీషియం లెక్క: ఒక తనిఖీ సేవపై సమీక్ష

బషీర్‌బాగ్‌లోని మా అయిదంతస్తుల కార్యాలయ భవనానికి మరమ్మతులు మొదలుపెట్టే ముందు, 1990ల నాటి పొగ డిటెక్టర్లలో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్నవాటిని గుర్తించి, ఒక్కొక్కదానికీ రిజిస్టరులో పద్దు రాసే పనిని నగరంలోని ఒక చిన్న సంస్థకు అప్పగించాము. మూడు రోజులన్న పనికి పదకొండు రోజులు పట్టింది. అయినా ఆ సంస్థను మళ్ళీ పిలుస్తాను.

రేడియేషన్ మీటరు పట్టుకుని అంతస్తులన్నీ తిరిగితే సరిపోతుందని నేననుకున్నాను. వాళ్ళు నిచ్చెన, టార్చిలైటు, కెమెరాతో వచ్చారు. ఒక డిటెక్టరులోని రేకు మీద సాధారణంగా ఉండేది 37 కిలోబెక్వెరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) అమెరీషియం, అంటే మైక్రోగ్రాములో మూడోవంతు కూడా ఉండదు. దాని ఆల్ఫా కణాలు డిటెక్టరు డొప్పను దాటి బయటికి రావు, వాటి వెంట వెలువడే బలహీనమైన గామా కిరణాలు కొద్ది అడుగుల దూరంలోనే పరిసరాల సహజ వికిరణంలో కలిసిపోతాయి కాబట్టి మీటరుకు చిక్కవు. పైగా అమెరీషియం లేకుండా కాంతితో పొగను పసిగట్టే రకం కూడా చూడడానికి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అందువల్ల సీలింగుకు ఉన్న ప్రతిదాన్నీ తిప్పి ఊడదీసి, వెనుక మూడు రెక్కల రేడియేషన్ గుర్తునూ సీరియల్ నంబరునూ చదివి, ఫోటో తీసి, మళ్ళీ బిగించారు. ఆలస్యానికి కారణం ఇదే.

మా పాత స్టాక్ రిజిస్టరులో 214 ఉండగా సీలింగులకు దొరికినవి 187. మిగతావి ఎప్పుడో పారేసి ఉంటారని రాసెయ్యమని మా ఎలక్ట్రీషియన్ చెప్పినా వాళ్ళు ఒప్పుకోలేదు. డాబా మీద లిఫ్టు గదిలోని అట్టపెట్టెలో 19, ఎలక్ట్రీషియన్ సొరుగులోనే 2 బయటపడ్డాయి. తక్కిన ఆరింటికి ఏ అంతస్తులో చివరిసారి ఉన్నాయో రాసి, ఎదురుగా 'ఆచూకీ లేదు' అని నమోదు చేశారు. నాకు ఈ సేవలో అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ రెండు మాటల నిజాయితీ గల పద్దులే.

2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో ఒక మనిషి ప్రాణం తీసిన కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం, విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత పరికరంలోనిది. దాని తీవ్రతతో మా డిటెక్టర్లను పోల్చడం తప్పు. డొప్ప పగలనంతవరకు ఇవి హాని చేయవు. కానీ పగిలినా, చెత్తతో కలిసి కాలినా ఆ ధూళి శ్వాసలోకి పోకూడదు, అది త్వరగా తరిగిపోయేదీ కాదు. అమెరీషియం అర్ధాయువు, అంటే సగానికి తరగడానికి పట్టే కాలం, 432 ఏళ్ళు: 1591లో చార్మినార్ కట్టిననాడు అక్కడ ఉంచి ఉంటే, నేటికి సుమారు సగమే తరిగి ఉండేది.

లోపాలు రెండు. నివేదిక మొత్తం ఇంగ్లీషులోనే ఇచ్చారు. డిటెక్టర్లు ఉంచిన పెట్టెను రోజూ చూసే వాచ్‌మన్‌కు అది చదవడం రాదు. గట్టిగా అడిగాక 'పగలగొట్టవద్దు, కాల్చవద్దు, పాత సామానుకు అమ్మవద్దు' అని తెలుగులో ముద్రించి అతికించారు. ఈ కాగితం మొదటి రోజే ఇవ్వవలసింది. రెండవది, తీసివేసిన డిటెక్టర్లను సరఫరాదారుకు తిరిగి పంపే ఉత్తరప్రత్యుత్తరాలు వాళ్ళ రుసుములో లేవు. ఒప్పందానికి ముందే ఆ మాట చెప్పి ఉండవలసింది.

పెట్టె ప్రస్తుతం కింది అంతస్తు గదిలో తాళం వేసి ఉంది. ఆరు పద్దులలో నాలుగు మూడవ అంతస్తువి కాబట్టి, అక్కడ అయిదేళ్ళ క్రితం సీలింగు మార్పించిన పాత అద్దెదారుకు నిన్న ఉత్తరం రాశాను.